గుడ్డిగుర్రం చెక్క మీద కంచె

అన్యేలాను చంపింది లుద్విక్ కంచె. ఇది ఆమె భర్త షిమోన్ అనుమానం కాదు. ఓల్షా ఊరికి దక్షిణాన కొండ ఉందన్నంత ఖాయమైన మాట. ఎనిమిదేళ్ళుగా ఆ మాట మీదే పడుకుని, ఆ మాట మీదే లేస్తున్నాడు.

పోయిన వారం అతన్ని ఊరి సభలో వదిలాం. కొండవాలు కింద భూములున్న పందొమ్మిది మందిలో పదిహేడు మంది కొండ మీది స్కీ లిఫ్టు తిరిగి తెరవడానికి ఒప్పుకుని సంతకాలు చేశారు. మిగిలినవి రెండే నేల చెక్కలు. ఒకటి షిమోన్‌ది. సరిగ్గా దాని పైన ఆనుకుని ఉన్నది లుద్విక్‌ది. లిఫ్టు సంఘం పెద్ద హలీనా బతిమాలింది, బెదిరించింది, ఏడ్చినంత పని చేసింది. షిమోన్ లేచి నిలబడ్డాడు. "ముందు లుద్విక్ తన కంచె తన చేత్తో దించాలి. ఊరంతా చూడాలి. తర్వాత నాది దించుతాను" అన్నాడు. మూల బల్ల మీద కూర్చున్న లుద్విక్ "నేను దించను" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. శనివారం లిఫ్టు తీగ కదులుతుందో లేదో తెలియకుండానే ఊరు చెదిరిపోయింది.

ఆ శనివారం తెల్లారింది.

మూడు రోజులుగా పడిన మంచు ఆగింది. ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. లిఫ్టు కింద మైదానంలో ఉదయం ఎనిమిదికే జనం. వయొలిన్ల వాళ్ళు ఉన్ని చేతొడుగులు తీసి శ్రుతులు చూసుకుంటున్నారు. పెద్ద డేగిసాల్లో పుల్ల క్యాబేజీ పులుసు పొగలు కక్కుతోంది. కొత్త తీగకు కట్టిన కుర్చీలు ఎర్రగా మెరుస్తూ, ఎక్కేవాళ్ళు లేక గాలికి ఊగుతున్నాయి. తనిఖీకి వచ్చిన అధికారి వెచ్చని గదిలో కూర్చుని గోడ గడియారం కేసి చూస్తూ టీ తాగుతున్నాడు. తెరుస్తామని రాసిచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండులోగా వాలు తెరవకపోతే అనుమతి కాగితం చెల్లదు. మళ్ళీ రాసుకోవాలంటే వచ్చే ఏడే.

తొమ్మిదికి షిమోన్ వచ్చాడు. చంకలో మంచు లోతు కొలిచే గాటుకర్ర, చేతిలో కొయ్యసుత్తి. పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. తన మాట నెగ్గే రోజు ఇదని అతనికి తెలుసు. ఊరంతా తన వెనకే ఉంది. లుద్విక్ ఒక్కడే అవతల. పొట్టేలు ఎంత మొండిదైనా మంద మొత్తం తోస్తే కదలక తప్పదు.

"వచ్చావా బావా!" హలీనా ఎదురొచ్చింది. అన్యేలాకు పినతల్లి కూతురు ఆమె. "సుత్తి తెచ్చావు. ఎవరి నెత్తి మీద కొట్టడానికి?"

"లుద్విక్ కంచె దించితే నా మేకుల మీద కొడతాను. దించకపోతే ఇంటికి పట్టుకెళ్తాను."

"నీ మొండితనాన్ని ముక్కలు కోసి ఉడికిస్తే మూడు శీతకాలాలు పులుసు కాచుకోవచ్చు."

"కాచేది మీ అక్క. ఇప్పుడు కాచేవాళ్ళు లేరు."

హలీనా చూపు దించి దారి వదిలింది. అతనితో మాట్లాడితే ఎవరికైనా అంతే. వేళాకోళంగా మొదలుపెట్టినవాళ్ళు రెండో మాటకే సమాధి రాయికి తల కొట్టుకుంటారు.

పక్కన పొయ్యి మీద పొగబెట్టిన గొర్రెపాల జున్ను కాలుస్తున్న ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఓయ్ షిమోన్! మూడు బుట్టల జున్ను తెచ్చాను. నీ కంచె దిగకపోతే ఇదంతా నీ నోట్లో కుక్కుతాను, చూడు!"

"లుద్విక్ నోరు నాకంటే పెద్దది, పిన్నీ. ముందు అక్కడ కుక్కు."

జనం నవ్వారు. షిమోన్ నవ్వలేదు. కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఓల్షాలో మనిషి మీద చెయ్యి చేసుకుంటే వచ్చే ఆదివారానికి మర్చిపోతారు. కంచె మీద చెయ్యి వేస్తే మనవల దాకా చెప్పుకుంటారు. వేసవిలో కంచె గొర్రెల్ని ఆపుతుంది. శీతకాలం మొదట్లో మంచు చదును చేసే బండిని ఆపుతుంది. పలచటి మంచు మీద ఆ బండి నడిస్తే కింద గడ్డి వేళ్ళు చచ్చిపోతాయి. వసంతానికి నేల గజ్జికుక్క వీపులా ఉంటుంది. అందుకే సొంతదారు గాటుకర్ర తీసుకెళ్ళి తన చెక్కలో గుచ్చి చూస్తాడు. మంచు గాటు దాటితే కంచె దించుతాడు. తన కర్ర, తన నేల, తన కంచె, తన చెయ్యి. పక్కవాడి చెక్కలో కర్ర గుచ్చితే ఆ నేల నాదని దావా వేసినట్టే. పక్కవాడి కంచె దించితే వాడు చచ్చాడని చెప్పినట్టే. ఈ కట్టుబాటు ఎవరూ రాయలేదు. ఎవరూ తప్పలేదు.

వాలు నడిమధ్యన ఒకచోట కొండ సన్నబడుతుంది. ఎడమవైపు లోయ, కుడివైపు చిక్కటి దేవదారు అడవి. ఆ చోటుని మెడ అంటారు. ఆ మెడకు అడ్డంగా రెండు చెక్కలు, ఒకదాని మీద ఒకటి. కింది చెక్క షిమోన్‌ది. పైదాని పేరు గుడ్డిగుర్రం చెక్క. షిమోన్ తండ్రి ఒక సంతలో తాగి, లుద్విక్ తండ్రికి ఆ చెక్క ఇచ్చి గుర్రాన్ని తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చాక గుర్రం నేరుగా వెళ్ళి గోడకు గుద్దుకుంది. అప్పుడు తెలిసింది దానికి కళ్ళు లేవని. షిమోన్ బడిలో చదివిన ఆరేళ్ళూ పిల్లలు అతన్ని చూసి సకిలించారు.

ఎనిమిదేళ్ళ కిందట, డిసెంబరు మొదట్లో, సెయింట్ నికోలస్ పండగ వెళ్ళిన మూడో రోజున, షిమోన్ క్రాకూవ్‌లో ఎవరిదో ఇంటికి కప్పు వేస్తున్నాడు. వెళ్ళే ముందే మంచు చూసి తన కంచె దించేసి వెళ్ళాడు. పైన గొర్రెల పాకలో అన్యేలాకు కడుపునొప్పి పట్టుకుంది. కొండ మీద పొగమంచు. హెలికాప్టర్ రాలేనంది. కొండ రక్షణ దళంలో ఆ పూట దగ్గరున్నది లుద్విక్ ఒక్కడే. ఆమెను మంచు మీద లాగే స్లెడ్జిలో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, స్కీల మీద దిగాడు. కింద అంబులెన్సు నిలబడి ఉంది. మెడ దగ్గర పొగమంచు తెరిపిచ్చింది. గుడ్డిగుర్రం చెక్క మీద కంచె ముందు లుద్విక్ ఆగడం, నాలుగు నిమిషాలు నిలబడటం, స్లెడ్జి తిప్పుకుని అడవి దారి పట్టడం కింద లిఫ్టు పనివాళ్ళు కళ్ళారా చూశారు. అడవి దారి చుట్టూ తిరిగి వస్తుంది. ముప్పావు గంట. అన్యేలా అంబులెన్సు దాకా చేరింది. ఆసుపత్రి దాకా చేరలేదు.

మూడు కర్రలు లాగితే దారి. తన కంచె. తన చెయ్యి. లాగలేదు.

అంత్యక్రియల నాడు లుద్విక్ దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయాడు. షిమోన్ వీపు తిప్పాడు. ఆ వసంతంలో తన కంచె మళ్ళీ ఎత్తాడు. ఆ తర్వాత దించలేదు. లుద్విక్ కూడా దించలేదు. మెడ బిగిసిపోయింది. లిఫ్టు ఆగిపోయింది. స్కీలు వేసుకునేవాళ్ళంతా లోయ అవతలి కొండకు పోయారు. ఓల్షాలో తలుపులు మూసుకున్నాయి.

పదిన్నరకు ఊరు ఊరంతా మెడ దగ్గరికి ఎక్కింది. చర్చి ఫాదర్ నల్లటి అంగీ కింద స్కీలు తొడుక్కుని, మంత్రజలం సీసా జేబులో పెట్టుకుని వచ్చాడు. షిమోన్ కూతురు జోష్కా ఎర్ర జాకెట్టులో వచ్చింది. స్కీ నేర్పే బడికి ఆమే పెద్ద. వాలు తెరిస్తే ఇవాళ నలభైమంది నేర్చుకుంటారు. తెరవకపోతే అవతలి కొండ మీద ఇంకొకరి కింద కూలికి పోతుంది. తల్లి పోయినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. అప్పటినుంచి అవసరమైనంతే మాట్లాడుతుంది. షిమోన్‌కు అది నచ్చింది. ఇంట్లో ఒక మనిషి తక్కువ మాట్లాడితే పోయిన మనిషి ఎక్కువ వినిపిస్తుంది.

షిమోన్ ముందుగా తన చెక్కలో గాటుకర్ర గుచ్చాడు. మంచు గాటు దాటి నాలుగు వేళ్ళు పైకొచ్చింది. "చూశారుగా, నా వైపు ఏ లోటూ లేదు" అన్నాడు అందరికీ వినబడేలా. సుత్తి మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. పైన లుద్విక్ కంచె కనబడుతోంది. స్తంభాలు ఒరిగాయి. కర్రలు నల్లగా కుళ్ళాయి. ఒక వారగా మంచు బరువుకు విరిగి వేలాడుతోంది. కంచె కూడా చూసుకోలేనివాడు, అనుకున్నాడు షిమోన్.

లుద్విక్ అడవి వైపునుంచి వచ్చాడు. ఎలుగుబంటిలాంటి మనిషి. మీసాల మీద మంచు గడ్డకట్టి ఉంది. చేతిలో కర్ర లేదు, సుత్తి లేదు. అది అందరూ చూశారు.

"దించు," అన్నాడు షిమోన్. ఎనిమిదేళ్ళలో అతని మొహం చూసి అన్న మొదటి మాట అది.

"దించను."

"ఊరంతా నిలబడి ఉంది."

"కాళ్ళున్నాయి, నిలబడతారు. నాది కానిదాని మీద నేను చెయ్యి వెయ్యను."

"ఏమన్నావు?"

"నాది కాదన్నాను. కోపంతో పాటు చెవుడు కూడా వచ్చిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫాదర్ అటు చూడగానే ఆపుకున్నారు.

"మీ నాన్న మా నాన్నకు గుడ్డి గుర్రాన్ని అంటగట్టి కాజేసిన చెక్క ఇది," అన్నాడు షిమోన్. "నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకైనా తెలుసు. ఇవాళ నీది కాకుండా పోయిందా? దించాల్సొచ్చేసరికి?"

"మీ నాన్న తాగి ఉన్నాడు. కళ్ళైతే ఉన్నాయిగా. గుర్రం నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టాడు, కళ్ళు చూసుకోలేదు. ఆ గొడవ వాళ్ళతో పోయింది. నువ్వు ఈ కంచె చూడు. నేను కంచె ఎలా కడతానో నీకు తెలుసు. నా మిగతా చెక్కల్లో ఒక్క కర్ర వంకరగా ఉంటుందా? దీన్ని ఎనిమిదేళ్ళుగా ముట్టుకున్నానా? ఒక్క మేకు కొట్టానా? గడ్డి కోశానా?"

"సిగ్గుపడి కొయ్యలేదనుకున్నాను."

"సిగ్గే అయితే ఈ కర్రలు పీకి ఎప్పుడో పొయ్యిలో పెట్టేవాణ్ణి."

షిమోన్ మళ్ళీ కంచె కేసి చూశాడు. ఆ సంగతి అతనెప్పుడూ ఆలోచించలేదు. గడ్డి చూశాడు, కుళ్ళిన కర్రలు చూశాడు, ప్రతి ఏడూ చూశాడు. చూసినప్పుడల్లా లుద్విక్‌ని అసహ్యించుకోవడానికి ఇంకొక కారణం దొరికిందనుకున్నాడు.

"ఎవరిది మరి?"

లుద్విక్ మీసాల మీద మంచు తుడుచుకున్నాడు. "ఆ ఏడు నవంబరులో సెయింట్ మార్టిన్ పండగ నాడు ఇచ్చేశాను. చెయ్యి కొట్టి ఇచ్చేశాను. ఆ రోజునుంచి నాది కాదు."

"ఎవరికిచ్చావు?"

"నీ పెళ్ళానికి."

వయొలిన్ వాళ్ళలో ఒకడు తీగ మీద వేలు పెట్టి శ్రుతి చూస్తున్నాడు. వేలు అక్కడే ఉండిపోయింది. కింద మైదానంలో పులుసు గిన్నెల చప్పుడు వినబడింది.

"అబద్ధం," అన్నాడు షిమోన్.

"కాదు."

"అబద్ధం. చెయ్యి కొడితే చాలదు. కలిసిన చేతుల్ని మూడో మనిషి విడగొట్టాలి. విడగొట్టనిది బేరం కాదు, ఊసుపోక మాట. నువ్వు చెయ్యి కొట్టావన్నావు. ఎవరు విడగొట్టారు? పేరు చెప్పు. చచ్చినవాళ్ళ పేరు చెప్పావంటే ఇక్కడే కొడతాను."

లుద్విక్ తల ఎత్తాడు. అతని చూపు షిమోన్ భుజం మీదుగా వెళ్ళి ఎక్కడో ఆగింది. షిమోన్‌కు ధైర్యం వచ్చింది. దొరికాడు, అనుకున్నాడు. "చెప్పవేం? సాక్షి లేని బేరమా? మంచు పిట్ట విడగొట్టిందా?"

"నేను," అంది వెనకనుంచి జోష్కా.

షిమోన్ తిరిగాడు.

జోష్కా స్కీలు విప్పి మంచులో నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది. "నేనే విడగొట్టాను నాన్నా. మన వంటింట్లో. అమ్మ లుద్విక్ బాబాయ్ చెయ్యి పట్టుకుంది. నన్ను పిలిచి, గట్టిగా కొట్టవే, మీ నాన్న వచ్చినా ఊడకూడదు అంది. కొట్టాను. నా అరచెయ్యి మండింది. క్రిస్మస్ నాడు నీకు చెబుదామంది. అప్పటిదాకా నోరెత్తితే వాతలు పెడతానంది."

"ఎనిమిది క్రిస్మస్‌లు వచ్చాయి."

"వచ్చాయి."

"ఎందుకు చెప్పలేదు?"

"అమ్మని పాతిపెట్టిన రోజు నువ్వు అందరి ముందూ అన్నావు, నా పెళ్ళాన్ని లుద్విక్ చంపాడని. ఆ మాట మీద నిలబడ్డావు. తిన్నావు, పనికెళ్ళావు, నన్ను బడికి పంపావు. అన్నీ ఆ మాట మీదే. అది మన కంచే నాన్నా అని నేను చెబితే దేని మీద నిలబడతావు? నీకు మిగిలింది ఆ కోపం ఒక్కటే. అది కూడా నేనే లాక్కోవాలా?"

హలీనా చేత్తో నోరు కప్పుకుంది. జున్ను ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

షిమోన్ కూతురి వైపు చూడలేదు. లుద్విక్ వైపు తిరిగాడు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆ నాలుగు నిమిషాలు. ఇక్కడ నిలబడ్డ నాలుగు నిమిషాలు. ఏం జరిగింది?"

"ఇప్పుడడిగావు," అన్నాడు లుద్విక్. "ఎనిమిదేళ్ళు తిట్టావు. ఒక్కసారీ అడగలేదు. చెప్పబోతే వీపు చూపించావు. వీపుకి చెప్పలేను కదా."

"చెప్పు."

"మెడ దగ్గరికొచ్చాం. స్లెడ్జి ఆపాను. అన్యేలా, మూడు కర్రలే, లాగేస్తాను అన్నాను. నవ్వింది. ముట్టుకున్నావో చూడు అంది. అది నా మొగుడి చేత్తో దిగాలి, వాళ్ళ నాన్న పోగొట్టింది వాడి చేతికి రావాలి, క్రిస్మస్ నాడు ఇక్కడికి తీసుకొచ్చి చూపిస్తాను అంది. నొప్పి ఎలా ఉందన్నాను. కడుపునొప్పే కదా, పుల్ల క్యాబేజీ ఎక్కువ తిన్నాను, అడవి దారిన పోదాం అంది. నేను మళ్ళీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను. అప్పుడు నవ్వలేదు. నా కంచె లుద్విక్, మర్యాదగా ఉండు అంది." లుద్విక్ తన చేతులు చూసుకున్నాడు. "మర్యాదగా ఉన్నాను."

లుద్విక్ అడవి వైపు చెయ్యి చూపించాడు.

"అడవిలోకి వెళ్ళాక అన్యేలా మాట తగ్గింది. నేను వేగంగా పోయాను షిమోన్. ఆ దారిలో అంత వేగంగా ఎవడూ పోలేదు. సరిపోలేదు."

"ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు నువ్వు."

"ఏమని చెప్పను? దాని మొండితనంతో అదే పోయిందని చెప్పనా? చచ్చిన మనిషి మీదికి తోసి నేను మంచివాణ్ణనిపించుకోనా? నువ్వు నన్ను హంతకుడన్నావు. నాకు వెడల్పు భుజాలున్నాయి. మోశాను."

షిమోన్ ఒక అడుగు ముందుకేశాడు. మళ్ళీ కోపం ఉబికి వచ్చింది, పాతదే, తోవ తెలిసిన కోపం. "విరగ్గొట్టాల్సింది," అన్నాడు. "అదేమన్నా, ఎన్నిసార్లన్నా, వినకుండా విరగ్గొట్టి తీసుకెళ్ళాల్సింది. మనిషి ప్రాణం ముందు కట్టుబాటేమిటి?"

లుద్విక్ అతని కళ్ళలోకి చూశాడు. "నువ్వైతే విరగ్గొట్టేవాడివా?"

షిమోన్ జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. జవాబు సిద్ధంగానే ఉంది. కానీ అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. తన యాభై తొమ్మిదేళ్ళూ ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. పక్కవాడి చెక్కలో తప్పిపోయిన తన గొర్రెపిల్ల అరుస్తుంటే, కంచె ఇవతల నిలబడి సొంతదారు కోసం కేక వేసిన పూట గుర్తొచ్చింది. ఇల్లంటుకుంటే గేటు దగ్గర ఆగి, రావచ్చా అని అడిగిన తన తండ్రి గుర్తొచ్చాడు. స్లెడ్జి తాడు తన నడుముకే కట్టి ఉన్నట్టు ఊహించుకున్నాడు. ముందు కంచె. వెనక ఎవరో ఒకరి భార్య. నా కంచె, ముట్టుకోకు అంటోంది.

"లేదు," అన్నాడు. "విరగ్గొట్టేవాణ్ణి కాదు."

ఆ మాట చిన్నగానే అన్నాడు. మెడ దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ వినబడింది. వాళ్ళలోనూ విరగ్గొట్టేవాడు ఒక్కడూ లేడు. అందుకే ఎవరూ తల ఎత్తలేదు.

"నీ మీద కోపం పోలేదు," అన్నాడు షిమోన్ లుద్విక్‌తో.

"పొమ్మనలేదు."

"నేను తప్పయిందని చెప్పను."

"అడగలేదు."

షిమోన్ తన చెక్కలోనుంచి గాటుకర్ర పీకాడు. తన కంచె దాటి గుడ్డిగుర్రం చెక్కలోకి నడిచాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఆ నేల మీద గడ్డి కోసిన కాళ్ళు యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ అక్కడ పడ్డాయి. ఊరంతా చూస్తుండగా కర్ర ఎత్తి, బలమంతా పెట్టి గుచ్చాడు. అది దిగింది. లుద్విక్ కాదనలేదు. ఎవరూ కాదనలేదు. ఓల్షాలో ఒక చెక్క చేతులు మారడానికి అంతకంటే పెద్ద కాగితం లేదు.

మంచు గాటు పైనే ఉంది.

అతను కంచె దగ్గరికి వెళ్ళాడు. సాయం రాబోయిన హలీనాను ఒక చూపుతో ఆపాడు. మొదటి కర్రకు కట్టిన మెలికల తాడు గడ్డకట్టి రాయిలా ఉంది. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. కర్ర ఊడింది. దాన్ని విసిరెయ్యలేదు. చేతుల మీదికి తీసుకుని, కొండ ఎగువ వైపు మంచులో తిన్నగా పడుకోబెట్టాడు. రెండోది చేతిలోనే రెండు ముక్కలైంది. రెండు ముక్కల్నీ దాని పక్కనే పెట్టాడు. మూడోది. తర్వాత స్తంభాలు. ఒక్కొక్కటీ ఊపి, పీకి, పక్కన పెట్టాడు. అతని చేతుల్లో తొందర లేదు, తడబాటు లేదు. ఎన్నో ఇళ్ళ కప్పులు దించి ఎత్తిన చేతులవి. అతని నుదుటి మీద చెమట పట్టింది. అది చెమటే. షిమోన్ ఏడవలేదు. ఏడిచాడని తర్వాత చెప్పుకున్నవాళ్ళు అబద్ధం చెప్పారు.

తర్వాత దిగువకు వచ్చి తన కంచె దించాడు. అది బాగున్న కంచె, ఐదు నిమిషాలు పట్టింది.

పదకొండూ ముప్పావుకు మెడ తెరుచుకుంది. హలీనా జేబు ఫోను తీసి కిందికి అరిచింది. "తిప్పండిరా! తీగ తిప్పండి! ఆ అధికారి చేతిలో టీ గ్లాసు లాక్కుని బయటికి తీసుకురండి, చూడనీ!" కింద మోటారు దగ్గింది, మూలిగింది, పట్టుకుంది. ఎర్ర కుర్చీలు ఒక్కొక్కటిగా కొండ ఎక్కాయి. మంచు బండి రెండుసార్లు మెడ మీదుగా వెళ్ళొచ్చింది. వెనక నేల దువ్విన ఉన్నిలా మిగిలింది. ఫాదర్ మంత్రజలం సీసా తీసి చూశాడు. గడ్డకట్టి ఉంది. "దేవుడికి మంచు కొత్త కాదు," అని సీసానే గాల్లో శిలువలా ఊపాడు. వయొలిన్లు అందుకున్నాయి. మొదటి కుర్చీల్లో ఎక్కినవాళ్ళు పైనుంచి కేకలు వేస్తూ దిగారు. గుడ్డిగుర్రం చెక్క మీదుగా మొదట దిగిన ముసలాయన మెడ దాటగానే బోర్లా పడి, లేచి, "గుర్రమే నయం!" అన్నాడు. ఊరంతా విరగబడి నవ్వింది.

షిమోన్ వాలు అంచున, అడవి వైపు నిలబడి చూశాడు. దిగేవాళ్ళ వేగానికి మంచు పొడి లేచి అతని చొక్కా మీద పడింది. ఎనిమిదేళ్ళు తాను ఆపింది ఇది. తప్పు చేశాననుకోలేదు. తెలిసినంతలో సరిగ్గానే చేశాడు. తెలిసింది చాలలేదు, అంతే.

జోష్కా వచ్చింది. ఆమె కోసం కింద నలభైమంది ఎదురుచూస్తున్నారు. అయినా వచ్చింది. లుద్విక్ కూడా పోకుండా నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాడు.

"నాన్నా, ఒకటి అడగవా?"

"ఏమిటి?"

"ఆ చెక్కకు బదులు అమ్మ ఏమిచ్చిందో."

"జోష్కా," అన్నాడు లుద్విక్ గబుక్కున. "ఊరుకో అమ్మా. నేను అడిగానా? అడగను. వదిలెయ్."

"ఎలా వదిలేస్తాను బాబాయ్? చేతులు విడగొట్టింది నేను." ఆమె తండ్రి దగ్గరికి ఒక అడుగు వేసింది. "అమ్మ ఏమీ ఇవ్వలేదు నాన్నా. ఇస్తానని మాటిచ్చింది. ఇచ్చేలోపే పోయింది. ఇవాళ ఊరందరి ముందూ నువ్వు కర్ర గుచ్చి చెక్క తీసుకున్నావు. ఇక ఆ మాట నీది. అదేమిటో నువ్వు తెలుసుకోవాలి."

షిమోన్ ఆమె మొహం చూశాడు. లుద్విక్ మొహం చూశాడు. లుద్విక్ చూపు తప్పించుకున్నాడు. హంతకుడా అని షిమోన్ ఊరందరి ముందూ అన్న రోజున కూడా తప్పించుకోని చూపు అది.

షిమోన్ సుత్తి చంకలో పెట్టుకున్నాడు.

"వినండి ఇద్దరూ. రెండోసారి చెప్పను. నా పెళ్ళాం ఏం చేసిందో విన్నాను. ఎందుకు చేసిందో విన్నాను. అంతవరకు చాలు. అది ఏం మాటిచ్చిందో నాకొద్దు. నువ్వు చెప్పినా వినను, వీడు చెప్పినా వినను. ఫాదర్ పాపనివేదనలో అడిగినా నోరు విప్పను. ఈ కంచె సంగతి నా ముందు ఎత్తినవాళ్ళు నా గడప తొక్కనక్కర్లేదు, కూతురైనా సరే. నా నోట ఆ మాట రావడం ఇదే ఆఖరు."